డిస్క్‌ పోలేదు, ఆకలేసింది!

మొన్న ఆదివారం మా ఇంట్లో పెద్ద కంగారు. అమ్మ పాడిన మంగళహారతులన్నీ ఉన్న హార్డ్‌డిస్క్‌ని నా రాస్ప్‌బెర్రీ పైకి తగిలించాను. డిస్క్‌ లైటు వెలిగింది గానీ తెరమీద ఏమీ రాలేదు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ పాటలకి ఇంకో కాపీ లేదు. తీసి పెట్టుకోకపోవడం నా బద్ధకమే. ‘‘పాడైపోయిందా?’’ అని మా ఆవిడ మెల్లగా అడిగింది. నాకు చెమటలు పట్టాయి.

ఇలాంటప్పుడు మనం చేసే మొదటి పని, పీకి మళ్లీ గుచ్చడం. అది వద్దు. ముందు కంప్యూటర్‌కి ఏం తెలిసిందో అడగండి. లినక్స్‌ ఏదీ దాచుకోదు.

యూఎస్‌బీలో ఏది గుచ్చినా, ఆ పరికరం డేటా తీగల ద్వారా తన ఉనికిని తెలియజేస్తుంది. పోర్టు అది కనిపెట్టి కెర్నెల్‌కి కబురు పెడుతుంది. కెర్నెల్‌ ‘నువ్వెవరు?’ అని అడిగి, తయారీదారు నంబరు, వస్తువు నంబరు రాబడుతుంది. తర్వాత యూడెవ్‌ అనే సేవ రంగంలోకి దిగి, మనం రాసిన నియమాలేమైనా ఉంటే అమలు చేస్తుంది.

ఇదంతా చూడ్డానికి రెండు కమాండ్లు చాలు. ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ని గుచ్చకముందు ఒకసారి, గుచ్చాక ఒకసారి కొట్టండి. కొత్తగా చేరిన వరుసే మన చుట్టం. రెండోది ‘డీఎంఈఎస్‌జీ’. ముందు సుడో, చివర హైఫన్‌ డబ్ల్యూ చేరిస్తే, జరుగుతున్నది జరుగుతున్నట్టే తెరమీద పడుతుంది.

నాకు కనిపించిందేమిటంటే... కొత్త పరికరం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, పోయింది. మధ్యలో వోల్టేజీ చాలడం లేదన్న హెచ్చరిక. డిస్క్‌ చావలేదు, దానికి ఆకలేసిందంతే! నేను వాడింది పాత ఫోన్‌ ఛార్జర్‌. రాస్ప్‌బెర్రీ పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. దాని యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లే. సరైన ఛార్జర్‌ పెట్టి, డిస్క్‌ని సొంత కరెంటున్న హబ్‌కి మార్చాను. ఫోల్డర్లన్నీ బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి.

వెంటనే రెండు చోట్ల కాపీ చేశాను. ఇకమీదట మర్చిపోకుండా, ఆ రెండు నంబర్లతో యూడెవ్‌ నియమం కూడా రాశాను. డిస్క్‌ గుచ్చితే చాలు, కాపీ దానంతటదే మొదలవుతుంది. ఒక్క జాగ్రత్త: కాపీలాంటి పొడుగాటి పనిని నియమంలోనే నడపకండి, యూడెవ్‌ మధ్యలో ఆపేస్తుంది. దాన్ని సిస్టమ్‌డీ సేవకి అప్పగించాలి.

సాయంత్రం దీపం పెట్టేవేళ అమ్మ గొంతు వినిపించింది. మీ ఇంట్లోనూ ఒక్క కాపీయే ఉన్న గొంతులుంటే, వచ్చే ఆదివారం దాకా ఆగకండి.