నాలుగు గుంటలు, ఒకే నీరు

పిల్లలూ, ఉన్న సొమ్మంతా ఒకేచోట పెట్టవద్దని పెద్దవాళ్లు అంటూ ఉంటారు. మరి నాలుగుచోట్ల పెడితే అవి నిజంగా నాలుగుచోట్లేనా? దీనికి ఒక లెక్క ఉన్నది.

మీ దగ్గర 16 రూపాయి బిళ్లలున్నాయి. ఒకదానికి గుర్తు పెట్టి, అన్నిటినీ నాలుగు కుండల్లో నాలుగేసి చొప్పున వేశారు. గుర్తు బిళ్ల ఏ కుండలో ఉందో మీ స్నేహితుడు కనిపెట్టాలి. మీరు అవును, కాదు అని మాత్రమే చెబుతారు. "మొదటి రెండు కుండల్లో ఉందా?" అని ఒక ప్రశ్న, ఆ రెంటిలో ఏదో తేల్చటానికి మరొకటి. రెండు ప్రశ్నలు చాలు. బిళ్లలన్నీ ఒకే కుండలో ఉంటే అడగవలసిన పనే లేదు. ప్రశ్నలు సున్న!

1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఇటువంటి లెక్కకు ఒక సూత్రం ఇచ్చాడు. దాని పేరు ఎంట్రోపీ. (వేడిని గురించిన శాస్త్రంలో ఈ పేరు 1865 నుంచీ ఉన్నదే.) సొమ్ము ఎంత బాగా పంచి పెట్టారో కొలవటానికి కూడా ఇది పనికివస్తుంది. ఒక కుండలో 13 బిళ్లలు, మిగతా మూడింటిలో ఒక్కొక్కటి వేశారనుకోండి. సూత్రం ప్రకారం ఎంట్రోపీ 2 కాదు, ఇంచుమించు 1. అంటే రెండు కుండల్లో సమంగా పెట్టినంతే. చూడటానికి నాలుగు, లెక్కకు రెండు!

ఇక నెల్లూరు తీరానికి వద్దాం. 1990 తరవాత అక్కడ చాలామంది టైగర్ రొయ్యల గుంటలు తవ్వారు. కండలేరు ఉప్పుటేటి వెంబడి గుంటలే గుంటలు. ఒక రైతు తన డబ్బును నాలుగు గుంటల్లో సమంగా పెట్టాడనుకుందాం. ఎంట్రోపీ 2. లెక్క భేషుగ్గా ఉన్నది. కాని ఒక గుంట వదిలిన నీరు ఏటిలో కలుస్తుంది, పక్క గుంట ఆ నీటినే తోడుకుంటుంది. 1994లో వైరస్ జబ్బు వచ్చిపడింది. తెల్లమచ్చల జబ్బు గుంటలో చొరబడితే కొద్దిరోజుల్లోనే రొయ్యలన్నీ చచ్చిపోతాయి. నీటి వెంట అది పక్క గుంటకూ పాకుతుంది. మన రైతుకు ఉన్నవి నాలుగు గుంటలు కావు, ఒకటే!

సూత్రం తప్పు కాదు. ఏ కుండలో ఎంత ఉన్నదనేదే అది చూస్తుంది. కుండలన్నీ ఒకేసారి పగులుతాయా అన్నది దానికి తెలియదు. ఆ రెండో సంగతిని లెక్కలోకి తెచ్చిన దారి 1952లో హారీ మార్కోవిట్జ్ చూపాడు. అందుకే తెలిసినవాళ్లు రెండు లెక్కలూ కట్టుకుంటారు. ఒక గుంట, కొంత వరి, రెండు గేదెలు, ఒక పడవ ఉంటే రొయ్యల జబ్బు వరిని ముట్టదు. తుఫాను మాత్రం అన్నిటినీ ముడుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను వంటిది వస్తే ఊరి పొలిమేరలోనే ఉన్న నాలుగు ఆస్తులు మళ్లీ ఒకటైపోతాయి. బ్యాంకులో వేసిన కాస్త డబ్బు అప్పుడు అక్కరకు వస్తుంది.

ఇప్పుడు మీకొక లెక్క: 16 బిళ్లలను 8, 4, 2, 2 చొప్పున వేస్తే, గుర్తు బిళ్ల ఉన్న కుండను పట్టుకోవటానికి సగటున ఎన్ని ప్రశ్నలు కావాలి? పెద్ద కుండతో మొదలుపెట్టండి.

(జవాబు: ఒకటిముప్పావు.)