తప్పు డ్రిల్లుదేనా?

ఇంట్లో చేసిన సర్క్యూట్ బోర్డులో ఐ.సి. కాళ్ళు దిగకపోతే డ్రిల్లును తిట్టుకుంటాం. నా ఉద్దేశంలో తప్పు చాలాసార్లు గుర్తులు పెట్టడంలోనే ఉంటుంది.

మామూలు 16 కాళ్ళ ఐ.సి.లో పక్కపక్క కాళ్ళ మధ్య దూరం 2.54 మి.మీ. ఒక గుర్తు నుంచి మరొకటి కొలుస్తూ పోతూ, ప్రతిసారీ 0.2 మి.మీ. ఎక్కువ పెట్టారనుకోండి. వరుసలో 8వ కాలు దగ్గర తేడా 1.4 మి.మీ. అవుతుంది! బలవంతంగా నొక్కితే, డబ్బు కూడబెట్టి కొన్న ఐ.సి. కాళ్ళు విరుగుతాయి.

అందుకే కొలతలన్నీ మొదటి గుర్తు నుంచే తీయండి. ప్రతి గుర్తు మీదా సెంటర్ పంచ్‌తో చిన్న గుంట చేస్తే, నున్నటి రాగిరేకుపై బిట్టు జారదు. రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని, పెద్దల సమక్షంలో నిటారుగా తొలచండి.

ఖరీదైన యంత్రం కొనిపెట్టమని నాన్నగారిని అడిగే ముందు, గుర్తుల కోసం పది నిమిషాలు కేటాయించి చూడండి!