మొదటి బేస్ గిటార్ ఏది కొనాలి?

మా తొమ్మిదో తరగతిలో ఒకడికి బేస్ గిటార్ పిచ్చి పట్టుకుంది. వేసవిలో ఇంట్లో చింతపండు అమ్మిన డబ్బు కొంత దాచుకున్నాడు. ఎర్రగా మెరిసేదే కొంటానంటున్నాడు. నేను వద్దంటాను. ఆ డబ్బు వెనక వాళ్ళమ్మ సంత దాకా మోసిన మూట ఉంది.

బేస్ గిటార్‌కి మామూలుగా నాలుగే తీగలు, లావుగా ఉంటాయి. మన థింసాలో అడుగుకి తుడుము ఎలా దన్నో, పాటకి ఇది అలాగ. ఎక్కువగా అమ్మేవాటిలో తీగ మోగే పొడవు 34 అంగుళాలు. 30 అంగుళాల పొట్టిది కూడా ఉంది, చిన్న చేతులకి అదే సుఖం. బీటిల్స్ పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హాఫ్నర్ అలాంటి పొట్టిదే. ఫెండర్ కొనే స్థోమత లేక చవకది కొన్నాడు. దాంతోనే లోకమంతా పేరు తెచ్చుకున్నాడు.

కొనేముందు మెడ వంకరుందేమో చూడాలి. తీగలు మరీ ఎత్తుగా ఉంటే వేళ్ళు నొప్పెట్టి పదిరోజుల్లో మూల పడేస్తాం. ప్రతి మెట్టు మీదా మీటి, గరగర లేదని వినాలి. ఒకరు వాడినదైనా ఫరవాలేదు, వాయించడం తెలిసినవాళ్ళని వెంట తీసుకెళ్ళాలి. ఉన్నదంతా గిటార్‌కే పెట్టేస్తే ఎట్లా? ఆంప్లిఫైయర్ లేకపోతే దాని గొంతు పక్క మంచానికి కూడా సరిగ్గా వినపడదు. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్నదానికి కొంత డబ్బు మిగుల్చుకోవాలి.

వార్డెన్ గారికి ఒక మనవి. సాయంత్రం అరగంట వాయించుకోనివ్వండి చాలు. హెడ్‌ఫోన్ ఉంటే చదువుకునేవాళ్ళకి చప్పుడుండదు.

ఇది నా అభిప్రాయం. తప్పయితే కింద రాయండి.

— 9వ తరగతి విద్యార్థి