టీవీ న్యూస్ గ్రాఫిక్స్: నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో తప్ప అన్నీ చూపిస్తాయి

2018లో ఆర్‌టింగ్స్ అనే టీవీ రివ్యూ సైట్ ఆరు ఎల్‌జీ సీ7 ఓఎల్ఈడీ టీవీలు వరసగా పెట్టి, రోజుకి 20 గంటల చొప్పున నెలల తరబడి నడిపింది. ఒకదాంట్లో ఫిఫా 18, ఒకదాంట్లో కాల్ ఆఫ్ డ్యూటీ, రెండింట్లో సీఎన్ఎన్ లైవ్... ఇలా. బర్న్-ఇన్ గురించి ఎప్పుడైనా గూగుల్ చేసినవాళ్లకి ఈ టెస్ట్ తెలిసే ఉంటుంది. కాల్ ఆఫ్ డ్యూటీ నడిచిన ప్యానెల్ బాగానే తట్టుకుంది. సీఎన్ఎన్ నడిచిన ప్యానెళ్ల మీద మాత్రం ఛానల్ లోగో, కింది బ్యానర్ అచ్చు పడిపోయాయి.

అందరూ దీన్ని ఓఎల్ఈడీ లోపంగానే చదివారు. నాకు అందులో ఇంకో విషయం కనిపించింది. స్క్రీన్‌లో ఏది అస్సలు మారకుండా అక్కడే కూర్చుంటుందో అదే ప్యానెల్ మీద అచ్చు పడుతుంది. వార్త అంటే క్షణక్షణం మారేది కదా. మరి దాన్ని చూపించాల్సిన స్క్రీన్‌లో అచ్చు పడేంత స్థలం దేనికి పోతోంది?

ఏదైనా తెలుగు న్యూస్ ఛానల్‌ని ఇప్పుడే యూట్యూబ్ లైవ్‌లో పెట్టి ఒక స్క్రీన్‌షాట్ తీయండి. మూలన గిరగిరా తిరిగే లోగో, దాని పక్కన 'లైవ్'. కింద బ్రేకింగ్ ప్లేట్, దాని కింద రెండో లైన్, దాని కింద స్క్రోలింగ్, కొన్నిసార్లు దాని కింద ఇంకో స్క్రోలింగ్. మధ్యలో ఎల్ ఆకారంలో రియల్ ఎస్టేట్ యాడ్ వస్తే అసలు బొమ్మ ఓ మూలకి కుంచించుకుపోతుంది. మిగిలిన జాగాని నాలుగు పెట్టెలు చేస్తారు. అందులో రెండు పెట్టెల్లో ఒకటే విజువల్! క్రాప్ టూల్‌తో అసలు వీడియో ఉన్నంత మేర కొలిచి చూడండి. ఏ ఫోన్‌కైనా స్క్రీన్-టు-బాడీ రేషియో అంత ఉంటే మనం దాన్ని రివ్యూకి కూడా తీసుకోం.

లాక్ స్క్రీన్ మీద ఒక్క యాడ్ కనిపిస్తే రివ్యూలో స్టార్ కోసేసేవాళ్లం మనం. కేబుల్ కనెక్ట్ చేసి, ఏడీబీ కమాండ్లు కొట్టి బ్లోట్‌వేర్ పీకేదాకా నిద్రపోం. అదే న్యూస్ ఛానల్ దగ్గరికొచ్చేసరికి 'వాళ్లంతేలే' అని వదిలేస్తాం. నిజానికి యాడ్ అనేది కార్యక్రమానికి అడ్డం రాకూడదని, స్క్రీన్ కింది భాగంలో క్యాప్షన్లుగా నడపకూడదని కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్, 1994లోనే ఉంది. రూల్ ఉంది, ఎల్ యాడ్ కూడా ఉంది.

ఇక ఫోన్‌లో చూసేవాళ్ల సంగతి. 6.7 అంగుళాల ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే 16:9 వీడియోకి దొరికేది సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల లోపు ఎత్తు. అందులో పన్నెండో వంతు స్క్రోలింగ్ పట్టీ అనుకుంటే దాని ఎత్తు 3 మిల్లీమీటర్లు, కాస్త అటూఇటూ. ఇంగ్లీష్ అక్షరం అందులో ఎలాగో ఇరుక్కుంటుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద ఇంకో ఒత్తు. 'రాష్ట్రం' అన్న ఒక్క మాట రాయాలంటేనే అక్షరం రెండంతస్తులు కిందకి దిగుతుంది. ఇంకో తిరకాసు, మనకి క్యాపిటల్ లెటర్స్ లేవు. ఇంగ్లీష్‌లో గట్టిగా అరవాలంటే మొత్తం క్యాపిటల్స్‌లో కొడితే సరి. మన ఛానళ్లకి దొరికినవి రంగు, మందపాటి అవుట్‌లైన్, వరసగా మూడు ఆశ్చర్యార్థకాలు. అవుట్‌లైన్ మందం పెరిగేకొద్దీ అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. 'వ', 'ప', 'ష' మూడూ అన్నదమ్ముల్లా తయారవుతాయి.

నీలం మీద ఎరుపు అక్షరాలు పెట్టేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. టీవీ ప్రసారంలోనైనా యూట్యూబ్‌లోనైనా మన దాకా వచ్చే వీడియో సాధారణంగా 4:2:0. అంటే వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు సమాచారం మాత్రం నాలుగు పిక్సెళ్లకి ఒకటి. ఎరుపు, నీలం రెండిటి వెలుగూ దగ్గరదగ్గరగా ఉంటే కళ్లు రంగు తేడా మీదే ఆధారపడాలి. కంప్రెషన్‌లో ముందు చెదిరేది అదే. నలుపు మీద తెలుపు పెడితే ఈ గొడవే లేదు. ఇదేం రాకెట్ సైన్స్ కాదు, బీటెక్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్ ఎలక్టివ్ తీసుకున్న ఎవరైనా చెప్తారు.

ఇదంతా డిజైన్ పిచ్చి ఉన్నవాడి గోల అనిపించొచ్చు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం దాకా నేనూ దీన్ని మీమ్ మెటీరియల్‌గానే చూశా. మా పిన్ని వాళ్లు విజయవాడ సింగ్ నగర్‌లో ఉంటారు. నేనుండేది హైదరాబాద్‌లో. ఆ రోజు అక్కడ కరెంట్ లేదు, వాళ్ల ఇంట్లో ఒక్క ఫోన్‌లోనే కాస్త ఛార్జింగ్ మిగిలింది. పిన్ని ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "టీవీలో ఏమంటున్నార్రా? నీళ్లు ఇంకా పెరుగుతాయా? పైకి ఎక్కేయమంటావా?"

టీవీ నా ఎదురుగానే ఉంది. స్క్రీన్ నిండా ఎర్ర ప్లేట్లు, 'జలప్రళయం', 'బెజవాడ గజగజ'. మధ్యలో ప్రకాశం బ్యారేజీ గేట్లలోంచి దూకుతున్న నీళ్లు, బ్యారేజీకి వచ్చి గుద్దుకున్న పడవలు, మళ్లీ ఆ నీళ్లే. ఆ విజువల్ పొద్దుటిదా, ఇప్పటిదా అని ఎక్కడా లేదు. "బ్యారేజీకి బాగా వస్తోంది పిన్నీ" అన్నా. "అది కృష్ణ రా. మా ఇంట్లోకొచ్చింది బుడమేరు" అంది.

ఆ మాటలో మొత్తం విషయం ఉంది. సింగ్ నగర్, పాయకాపురం వైపు ముంచింది బుడమేరు. అటు డైవర్షన్ కెనాల్ కట్టకి గండ్లు పడ్డాయి. కృష్ణ వరద వేరే లెక్క, నగరానికి ఇంకో పక్క. రెండు నదుల్ని రెండు రంగుల్లో గీసి, మునిగిన కాలనీల పేర్లు వేసిన ఒక్క మ్యాప్ ఉంటే చాలు, బయట ఊళ్లలో కూర్చుని ఫోన్లు చేస్తున్న నాలాంటివాళ్లకి ఎవరికి ఏం చెప్పాలో తెలిసేది. నేను చూసినంతసేపు అలాంటి మ్యాప్ రాలేదు. పడవలు మాత్రం గుద్దుకుంటూనే ఉన్నాయి.

నంబర్లు లేవా అంటే, ఉన్నాయి. '11 లక్షల క్యూసెక్కులు!!!' అని స్క్రీన్ పగిలిపోయే యానిమేషన్‌తో వచ్చింది. నంబర్ నిజమే, బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. కానీ 11 లక్షలు అంటే ఎంత? ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకి ఇస్తారు, రెండోది 5.69 లక్షలకి. ఒక నిలువు గీత గీసి, దాని మీద ఈ రెండు గుర్తులు పెట్టి, పైన ఇవాళ్టి నీటిని చూపిస్తే అమ్మమ్మలకి కూడా ఒక్క చూపులో అర్థమవుతుంది, రెండో హెచ్చరికకి దాదాపు రెట్టింపని. దానికి పేలుడు సౌండ్ అక్కర్లేదు. ఏ ఇంజినీరింగ్ పిల్లాడైనా ఎక్సెల్‌లో రెండు నిమిషాల్లో గీసే బార్ అది.

ఇంకా చిరాకేంటంటే, దానికి మూడు వారాల ముందే, 2024 ఆగస్టులో, కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రైవేట్ ఛానళ్లన్నిటికీ ఒక అడ్వైజరీ ఇచ్చింది. ప్రకృతి విపత్తులు, పెద్ద ప్రమాదాల ఫుటేజీ వేసేటప్పుడు అది ఏ తేదీది, ఏ టైముది అన్నది స్క్రీన్ పైభాగంలో స్పష్టంగా వేయమని. మన ఫోన్ కెమెరాలో ఒక్క టోగుల్ నొక్కితే వచ్చే ఫీచర్ కోసం ప్రభుత్వం ఉత్తరం రాయాల్సొచ్చింది.

టైమూ ఊరూ లేని విజువల్ ఎక్కడిదాకా పోతుందో గేమర్లకి తెలుసు. ఆర్మా 3 క్లిప్పుల్ని ఛానళ్లు నిజం యుద్ధంగా వేస్తుంటే, చివరికి 2022లో దాన్ని తయారుచేసిన బొహీమియా ఇంటరాక్టివ్ వాళ్లే గేమ్ ఫుటేజీని ఎలా గుర్తుపట్టాలో వివరించాల్సొచ్చింది. వీడియో చుట్టూ ఇన్ని పట్టీలు కప్పితే గుర్తుపట్టే ఆధారాలు కూడా వాటి కిందే పోతాయి మరి.

గ్రాఫిక్స్ వద్దనడం లేదు నేను. 2018 సెప్టెంబర్‌లో ఫ్లోరెన్స్ హరికేన్ అప్పుడు అమెరికాలో వెదర్ ఛానల్ వాళ్లు అన్‌రియల్ ఇంజిన్ వాడి ఒక పని చేశారు. మనం గేమ్స్ ఆడే అదే ఇంజిన్. ప్రెజెంటర్ వీధిలో నిలబడ్డట్టు ఉంటుంది, చుట్టూ నీళ్లు 3 అడుగులు, 6 అడుగులు, 9 అడుగులు లేస్తాయి. 9 అడుగులప్పుడు కారు ఏమవుతుందో, మనిషి తలకి ఎంత పైన నీళ్లుంటాయో కళ్లకి కడుతుంది. భయం అక్కడా వేస్తుంది, అయితే ఆ భయానికి ఒక కొలత ఉంది. చూసినవాడు ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అని తేల్చుకోగలడు. మన దగ్గర 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపానుకి ఒక హిందీ ఛానల్ యాంకర్ స్టూడియోలో గొడుగు పట్టుకుని, వెనక స్క్రీన్ మీద గాలికి ఊగిపోతున్నట్టు ఊగింది. ఆ గొడుగు చూసి గాలి వేగం గంటకి ఎన్ని కిలోమీటర్లో చెప్పండి చూద్దాం.

ఛానళ్ల వైపు వాదన కూడా ఉంది, అది పూర్తిగా తప్పని కూడా అనను. టీ కొట్లో, బస్టాండ్‌లో, హాస్పిటల్ వెయిటింగ్ హాల్లో టీవీ మ్యూట్‌లోనే ఉంటుంది, అక్కడ కింది అక్షరాలే వార్త. అమెరికాలో 2001 సెప్టెంబర్ 11న పెద్ద న్యూస్ ఛానళ్లు స్క్రోలింగ్ మొదలుపెట్టింది కూడా అవసరం కోసమే. చెప్పాల్సింది ఎక్కువ, స్క్రీన్ ఒక్కటే. అవసరం తీరాక తీయలేదు, అదీ తేడా. రిమోట్‌తో ఛానళ్లు మారుస్తున్నవాడి వేలు అర సెకను ఆగాలంటే ఎర్ర ప్లేట్ కావాలి, రేటింగ్ అక్కడుంది. మన ఫోన్లలో రెడ్ డాట్ నోటిఫికేషన్ బ్యాడ్జ్ కూడా ఇదే మందు. ప్రతి వార్తా బ్రేకింగే అయితే నిజంగా కట్ట తెగిన రోజు వేయడానికి ఇంకో రంగు మిగల్లేదు.

టెక్నాలజీ ఖరీదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. స్వీడన్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టర్ ఎస్‌వీటీ తయారుచేసిన క్యాస్పర్‌సీజీ ఓపెన్ సోర్స్, దాంట్లో టెంప్లేట్ మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ. వెబ్ డెవలప్‌మెంట్ తెలిసిన మనలో ఎవరైనా రాయగలిగిందే. నీటిమట్టాలు కూడా దాచిన డేటా కాదు, సెంట్రల్ వాటర్ కమిషన్ వాళ్ల ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ ఫోన్లో వేసుకుంటే ఏ స్టేషన్ దగ్గర ఎంత ఉందో కనిపిస్తుంది. యాప్ డిజైన్ గొప్పదేం కాదు, కానీ పని చేస్తుంది. కృష్ణ, గోదావరి పక్కన ఇల్లున్నవాళ్లు వర్షాకాలం ముందే వేసుకోండి.

నా టెంప్లేట్‌లో నాలుగే ఫీల్డులుంటాయి: ఎక్కడ, ఎంత, ఎన్ని గంటలప్పటి లెక్క, ఎవరిచ్చారు. పక్కన ఆ నిలువు గీత, దాని మీద హెచ్చరిక గుర్తులు. ఒత్తులకి చోటు వదిలి, నలుపు మీద తెలుపు అక్షరాలు. ఏ ఛానల్ వాళ్లకైనా కావాలంటే ఓ వీకెండ్ కూర్చుని ఫ్రీగా రాసిస్తా. లోగో మూలన గిరగిరా తిప్పుకుంటానంటే తిప్పుకోండి, దానికి నాకేం అభ్యంతరం లేదు.