తేదీ ఒకటే, అర్థాలు రెండు

పోస్టుకార్డుల కాలంలో ప్రతి ఉత్తరానికీ రెండు తేదీలుండేవి. పైన కుడివైపు రాసినవారు వేసుకున్న తేదీ ఒకటి, తపాలా కార్యాలయం కొట్టిన ముద్ర మరొకటి. వివాదమంటూ వస్తే రెండవదే సాక్ష్యం. నేడు ఉద్యోగపు పిలుపు, బ్యాంకు నోటీసు, టెండరు సవరణ, విశ్వవిద్యాలయ ప్రవేశ లేఖ అన్నీ ఈ మెయిల్ రూపంలోనే వస్తున్నాయి. ఇన్‌బాక్స్‌లో వాటి పక్కన కనిపించే తేదీ ఏ దేశపు కాలమానం ప్రకారం వేసినది? అందులో ముందున్న అంకె రోజా, నెలా? ఈ ప్రశ్నలు చిల్లర విషయాలుగా తోచవచ్చు. గడువు దాటిపోయిన దరఖాస్తుదారుకు మాత్రం ఇవి చిల్లర విషయాలు కావు.

03/04/2025 అన్న అంకెలను తీసుకుందాం. మన దేశంలో దీని అర్థం ఏప్రిల్ 3. అమెరికాలో మార్చి 4. పదమూడవ తేదీ నుంచి ఈ చిక్కు ఉండదు. పదమూడవ నెల లేదు కనుక పొరపాటు వెంటనే బయటపడుతుంది. కానీ ప్రతి నెలలోనూ మొదటి 12 రోజులలో, రోజు సంఖ్య, నెల సంఖ్య ఒకటే అయిన ఒక్క రోజును మినహాయిస్తే, మిగిలిన 11 రోజులూ రెండు విధాలుగా చదవదగినవే. అంటే ఏడాదికి 132 రోజులు. సంవత్సరంలో మూడవ వంతుకు పైగా సందిగ్ధమన్న మాట. జీతాలు, అద్దెలు, వాయిదాలు, బిల్లుల గడువులు ఎక్కువగా ఉండేది నెల మొదటి పక్షంలోనే కావడం గమనార్హం.

విచిత్రమేమంటే, ఈ గందరగోళం ఈ మెయిల్‌తో పుట్టినది కాదు. ఇంటర్నెట్ ఉత్తరాలకు 1982లో రూపొందిన ప్రమాణం తేదీలో నెలను అంకెలలో కాక పేరుతోనే సూచించాలని నిర్దేశించింది. గ్రీనిచ్ కాలమానంతో ఉన్న తేడాను కూడా పక్కనే చూపే ఏర్పాటు చేసింది. మన దేశం నుంచి వెళ్లే ఉత్తరంలో అది +0530గా నమోదవుతుంది. మొదట రెండంకెలలో ఉన్న సంవత్సరాన్ని 2001 నాటి సవరణ నాలుగంకెలు చేసింది. కనుక ఉత్తరం తలభాగంలో సందిగ్ధతకు తావు లేదు. దానిని మన కళ్ల ముందు పరిచే దశలోనే చిక్కు వస్తున్నది. ఔట్‌లుక్ వంటి సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోని ప్రాంతీయ అమరికను అనుసరిస్తుంది. జీమెయిల్ మనం ఎంచుకున్న భాషను అనుసరిస్తుంది. భాష అమెరికా ఇంగ్లీషుగా ఉంటే నెల ముందు, బ్రిటిష్ ఇంగ్లీషుగా ఉంటే రోజు ముందు కనిపిస్తుంది. పైగా జీమెయిల్ జాబితాలో నేటి ఉత్తరానికి సమయం, ఈ ఏడాది ఉత్తరానికి నెల పేరు కనిపిస్తాయి. గత సంవత్సరాల ఉత్తరాలకు వచ్చేసరికి అన్నీ అంకెలే. పాత ఉత్తరం అవసరపడేది సాధారణంగా వివాదం తలెత్తినప్పుడే. సరిగ్గా అప్పుడే తేదీ రెండు నాల్కలతో మాట్లాడుతుంది.

గంటల విషయం మరింత సున్నితమైనది. అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసే తెలుగు విద్యార్థులు ఏటా ఎందరో. డిసెంబరు 15 రాత్రి 11.59 వరకు గడువు, తూర్పు అమెరికా కాలమానం అని లేఖలో ఉంటే, మనకు అది డిసెంబరు 16 ఉదయం 10.29. న్యూయార్క్‌కూ మనకూ శీతాకాలంలో పదిన్నర గంటల తేడా. మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అది తొమ్మిదిన్నర గంటలే. ఇరుగుపొరుగు దేశాలలోనూ ఏకరూపత లేదు. పాకిస్తాన్ మనకు అరగంట వెనుక, బంగ్లాదేశ్, భూటాన్ అరగంట ముందు, నేపాల్ పావుగంట ముందు ఉన్నాయి. శ్రీలంక 1996లో రెండుసార్లు గడియారం మార్చి, 2006లో తిరిగి మన సమయానికే వచ్చింది. సరిహద్దులు దాటే వ్యాపార లేఖలో సాయంత్రం 5 గంటలు అని మాత్రమే రాస్తే, అది ఎవరి సాయంత్రమో చెప్పనట్లే.

కాలాన్ని ఏకరూపంలోకి తేవడం మన దేశానికి కొత్త కాదు. 1906లో భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చినా, కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు సొంత కాలమానాలను వదులుకోలేదు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం సిఫారసుల మేరకు 1957 మార్చి 22 నుంచి శక సంవత్సరం ఆధారంగా జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో సెర్ట్ ఇన్ సంస్థ సేవాదాతల, కంపెనీల, ప్రభుత్వ సంస్థల కంప్యూటర్ గడియారాలను జాతీయ భౌతిక ప్రయోగశాల లేదా ఎన్‌ఐసీ సమయంతో అనుసంధానించాలని ఆదేశించింది. భారత ప్రామాణిక కాలాన్ని తప్పనిసరి చేసే ముసాయిదా నిబంధనలపై కేంద్రం 2025లో ప్రజాభిప్రాయం కోరింది. ఇవన్నీ హర్షణీయమే. అయితే యంత్రం లోపలి గడియారాన్ని సరిచేయడంపై చూపిన శ్రద్ధ, ఆ సమయం పౌరుడి కంటికి ఏ రూపంలో కనిపిస్తున్నదన్న దానిపై చూపవలసి ఉంది.

చట్టం దృష్టిలో కూడా ఇది అల్ప విషయం కాదు. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 13వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సందేశం ఎప్పుడు పంపినట్లు, ఎప్పుడు అందినట్లు పరిగణించాలో చెబుతున్నది. వేరే ఒప్పందం లేనప్పుడు, పంపినవారి అదుపు దాటి మరొక కంప్యూటర్ వ్యవస్థలో ప్రవేశించిన క్షణమే పంపిన సమయం. గ్రహీత సూచించిన వ్యవస్థలోకి చేరిన క్షణమే అందిన సమయం. అంటే ఉత్తరాన్ని మనం ఎప్పుడు చదివామన్నది అక్కడ ప్రధానం కాదు. పంపినవారి కంప్యూటర్ గడియారం తప్పుగా ఉంటే వారు వేసిన తేదీ కూడా తప్పే అవుతుంది. మార్గమధ్యంలో ప్రతి సర్వర్ వేసే ముద్రలే నేటి తపాలా ముద్రలు. తెరపై కనిపించే తేదీని మాత్రమే నమ్ముకుని వాదనకు దిగడం వివేకం కాదు.

ఎవరికి నచ్చిన విధంగా వారు అమర్చుకునే స్వేచ్ఛ ఉన్నది కదా, ఇంకా ఫిర్యాదు దేనికి అనవచ్చు. స్వేచ్ఛ ఉన్నదని తెలిసినవారికే అది ఉపకరిస్తుంది. తొలిసారి ఫోన్ చేతపట్టి, దానిలోనే దరఖాస్తు పెట్టుకునే గ్రామీణ యువకుడికి కంపెనీ ముందుగా పెట్టిన అమరికే శాసనం. అర్ధరాత్రి దాటి 00.15కు బయలుదేరే రైలుకు పదవ తేదీ టిక్కెట్టు తీసుకుని, పదవ తేదీ రాత్రి స్టేషన్‌కు చేరి, రైలు ముందు రోజు రాత్రే వెళ్లిపోయిందని తెలుసుకోవడం మనవారికి కొత్త అనుభవం కాదు. రైల్వే కాలపట్టికలో తప్పు లేదు. చదివేవారికి అర్థమయ్యేలా చెప్పడంలోనే లోపం.

పరిష్కారాలకు కోట్లాది రూపాయలు అక్కరలేదు. గడువులు తెలిపే ప్రభుత్వ, బ్యాంకు, విద్యాసంస్థల లేఖలన్నింటిలో నెలను అక్షరాలలో, సంవత్సరాన్ని నాలుగంకెలలో రాయడం, భారత ప్రామాణిక కాలమని స్పష్టంగా పేర్కొనడం విధిగా చేయాలి. రాత్రి 12 గంటల వరకు అన్న మాటను గడువుల నుంచి పూర్తిగా తొలగించాలి. మన దేశంలో అమ్మే పరికరాలలో, అందించే మెయిల్ సేవలలో రోజు ముందు, నెల తరువాత వచ్చే పద్ధతినే ముందస్తు అమరికగా ఉంచాలని కంపెనీలను కోరాలి. యంత్రాలు పరస్పరం మార్చుకునే సమాచారానికి సంవత్సరం, నెల, రోజు క్రమం ఉత్తమమని అంతర్జాతీయ ప్రమాణం 1988లోనే చెప్పింది. దానిని అక్కడ వాడుకోవచ్చు.

పాఠకులు చేయగలిగినదీ ఉంది. మెయిల్ సెట్టింగులలో భాషను, ప్రాంతాన్ని, కాలమానాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. ముఖ్యమైన ఉత్తరాన్ని జాబితాలో చూసి వదిలేయక, తెరిచి పూర్తి తేదీ చదవాలి. తాము రాసే ఉత్తరంలో నెల పేరు రాయాలి. నాలుగు అక్షరాలు ఎక్కువ రాయడం వల్ల పోయేదేమీ లేదు. అవి రాయనందువల్ల ఒక ఏడాది చదువో, ఒక ఉద్యోగమో చేజారిపోవచ్చు.