నడుము తిప్పితే తప్పా?

నల్లగొండ జిల్లాలో ఒక హైస్కూలు మైదానం. సాఫ్ట్‌బాల్ నేర్పుతున్న సారు మగపిల్లలతో "నడుం తిప్పి కొట్టురా" అన్నాడు. అరగంట తర్వాత పక్క హాస్టల్ ఆడపిల్లలు వచ్చారు. వాళ్లతో అన్నమాట వేరు: "బంతికి బ్యాటు ఆనిస్తే చాలు, ఉరుకు." వేరే పనిమీద వెళ్లిన నేను రెండూ విన్నాను. తేడా ఎందుకని అడిగితే, "ఆడపిల్లలకు చేతులల్ల బలం ఉండదు మేడం" అన్నాడు.

కాలేజీలో నాలుగేళ్లు ఆ ఆట ఆడినదాన్ని. బంతిని దూరం పంపేది చేతులు కావు. బరువు వెనక కాలి మీద ఉంచుకుని, బంతి వస్తుంటే ముందు కాలు కాస్త జరపాలి. ఆ పాదం నేలకు ఆనగానే మొదట తిరగాల్సింది తుంటి. దాని వెంట మొండెం, భుజాలు, ఆ తర్వాత చేతులు, అందరికన్నా చివర బ్యాటు. వెనక మడమ లేస్తుంది, బొడ్డు పిచ్చర్ వైపు తిరుగుతుంది, తల మాత్రం కదలదు. ఈ వరుసలోంచి తుంటిని తీసేస్తే మిగిలేది చేతుల ఊపు. ముందు తుంటిని తీసేసి, ఆపైన బలం లేదనడం ఏం న్యాయం?

మగవాళ్లకూ ఆడవాళ్లకూ కండబలంలో తేడా లేదని నేననను. కానీ నేర్పిన పిల్లనూ నేర్పని పిల్లనూ పోల్చి, ఆ తేడాకు ప్రకృతి అని పేరు పెట్టకూడదు.

గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. "ఆడపిల్లలను నడుం తిప్పుమని ఎట్ల చెప్తం మేడం?" పాపం, నిజాయితీగానే అన్నాడు. సినిమా పాటలో తిరిగే నడుముకు టిక్కెట్టు కొంటాం. బంతిని కొట్టడానికి తిరిగితే మాత్రం సిగ్గు!

అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అనే వ్యాసంలో ఈ సంగతే చర్చించింది. ఆడపిల్ల విసిరేటప్పుడు ఒళ్లంతా కదలక చెయ్యి ఒక్కటే కదలడం ఎముకల్లోంచి వచ్చింది కాదని, పెంపకంలోంచి, బతికే పరిస్థితిలోంచి వచ్చిందని ఆమె వాదన. మనం ఓల్గా 'రాజకీయ కథలు' చదివి శరీరం గురించి బోలెడు రాశాం. పీటీ పీరియడ్ వైపు మాత్రం తొంగి చూడలేదు. ఆటలంటే మనకూ చిన్నచూపే.

పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి కాలువలు తవ్వింది. మట్టిపనిలో గడ్డపార మగవాడిది, తట్ట ఆడమనిషిది. తట్ట మోసే నడుముకు బలం లేదని ఏ మేస్త్రీ అనలేదు. ఎత్తి కొట్టే పనిముట్టు మాత్రం ఆమె చేతికి రాలేదు. రోకలి ఇచ్చాం కదా అంటారేమో. అది ఇంట్లో, నిలుచున్న చోటనే.

భద్రాచలం పిల్ల గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్ మీద 110 కొట్టి నాటౌట్‌గా నిలిచింది. ఆ టోర్నీలో అదే మొదటి సెంచరీ. ఆమెను చూపించి తప్పించుకోవద్దు. త్రిషకు చిన్ననాటి నుంచీ వెంట నిలబడిన తండ్రి ఉన్నాడు. హాస్టల్ పిల్లకు ఉన్నది ఈ సారు ఒక్కడే.

ఆయనకు నడుము అనే మాటే కష్టమైతే, "బొడ్డు పిచ్చర్ దిక్కు" అనమన్నాను. నవ్వాడు. ఒక పిల్ల చున్నీ నడుముకు బిగించి కట్టుకుని వచ్చింది. మొదటి రెండుసార్లూ బ్యాటు గాలికే ఊగింది. మూడోది సారు తల మీదుగా పోయి కంపచెట్లలో పడింది. ఎవరో బంతి కోసం ఉరికారు. ఆ పిల్ల కదల్లేదు.

"ఇంకోటి వెయ్యి సార్," అంది.