ఇంజనీరింగు పట్టమునకు వెల యెంత?

ప్రవేశ పరీక్షల ఫలితములు వెలువడి సీట్ల పంపకము ప్రారంభమైన దినములలో తెలుగు పట్టణముల యందలి ఏ పఠన మందిరమునకు పోయినను ఒకటే ప్రసంగము. ఏ కాలేజి? ఏ శాఖ? ర్యాంకెంత? తండ్రులు భవనముల యంతస్తులు లెక్కింతురు, బస్సుల సంఖ్య విచారింతురు, ఉద్యోగములు పొందిన విద్యార్థుల ఛాయాపటములతో నిండిన ప్రకటన ఫలకముల కడ నిలిచి చూతురు. నాలుగేండ్లకై తెచ్చు అప్పు ఏ జీతమునుండి ఎన్నేండ్లకు తీరునను ప్రశ్న మాత్రము ఎవరి నోటను వినరాదు. కొడుకు చదువును వడ్డీ లెక్కతో కొలుచుట అమంగళమని మనవారి భావము కాబోలు. మే మట్లు తలంపము. ఎకరము పొలము కొనునప్పుడు దస్తావేజులను పదిమార్లు తిరుగవేసి చూచు గృహస్థు, ఆ యెకరమునే అమ్మి కొను పట్టమును గూర్చి ఒక కాగితముపై లెక్క వ్రాసికొనుట తప్పు కానేరదు.

ఆ లెక్క మేమే వేసి చూపెదము. ఒక మధ్యతరగతి కుటుంబము ప్రయివేటు కాలేజిలో కుమారుని చదువునకును వసతికిని కలిపి ఏటికి లక్షన్నర చొప్పున బ్యాంకు ఋణము తీసికొన్నదనుకొందము. నాలుగేండ్లకు 6 లక్షలు. వడ్డీ ఏటికి నూటికి 10 రూపాయలనుకొందము. చదువు కాలమునను, అటుపై నొక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కఱలేదు. కాని వడ్డీకి నిద్ర లేదు. మొదటి లక్షన్నరపై ఐదేండ్లు, రెండవదానిపై నాలుగు, మూడవదానిపై మూడు, కడపటిదానిపై రెండు. సాధారణ వడ్డీయే గట్టినను 2,10,000 రూపాయలగును. అనగా మొదటి వాయిదా నాటికే ఋణము 8,10,000. దానిని పదేండ్లలో తీర్పదలచినచో నెలకు సుమారు 10,700. మొత్తము మీద చెల్లించునది సుమారు 12,84,000. పదునైదేండ్లకు సాగదీసినచో నెల వాయిదా 8,700కు దిగును గాని మొత్తము 15,66,000 దాటును. ఆఱు లక్షల చదువు పదునైదు లక్షలకు పైబడుటకు ఎవ్వరి మోసమును అవసరము లేదు, కాలము చాలును.

ఇది బ్యాంకు గుమ్మ మెక్కగలిగినవాని సంగతి. నాలుగు లక్షల వఱకు హామీ లేకయే ఋణమీయవలెనని బ్యాంకుల సంఘము వారి మాదిరి పథకము చెప్పుచున్నను, కాగితములకై తిరిగి తిరిగి విసిగి ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకొను తండ్రు లెందఱో కలరు. అదే 6 లక్షలకు, అదే ఐదేండ్ల కాలమునకు, ఆ లెక్కన వడ్డీ యొక్కటియే 5,04,000 రూపాయలు!

ఇక రాబడి. పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థలు సామాన్య పట్టభద్రున కిచ్చుచున్న ఆరంభ జీతము ఏటికి సుమారు మూడున్నర లక్షలు. పదేండ్లకు పైగా ఈ యంకె దాదాపుగా కదలలేదు. ఇంటి యద్దె, అన్నము, కాలేజి ఫీజు మాత్రము ఆగలేదు. మూడున్నర లక్షలనగా నెలకు 29,000. ప్రావిడెంటు ఫండు మొదలైనవి పోగా చేతికందునది 25,000 దరిదాపు. అందు 10,700 బ్యాంకునకు. మిగిలిన దానితో హైదరాబాదులోనో బెంగుళూరులోనో హాస్టలు గదికి, భోజనమునకు, రాకపోకలకు చెల్లించి, ఇంటికేమైన పంపవలెను. అతని సంవత్సరపు సంపాదనలో నూటికి 36 పాళ్లకు పైగా అప్పే మ్రింగుచున్నది.

ఈ 36 ఎక్కువయా తక్కువయా యని తెలియుటకు ఒక కొలమానము కావలెను. అమెరికా ప్రభుత్వమువారు 2014లో కొన్ని తరగతుల విద్యాలయములకు ఒక నిబంధన చేసిరి. పట్టభద్రుని ఋణపు వాయిదా అతని వార్షికాదాయమున నూటికి 8 పాళ్లు మించరాదు. లేదా జీవనావసరములకు కొంత తీసివేయగా మిగిలిన యాదాయమున 20 పాళ్లు మించరాదు. ఈ రెంటిలో ఏదియు నెగ్గని కోర్సునకు ప్రభుత్వ ధనసహాయము పోవును. 2019లో ఆ నిబంధన రద్దయినది, 2023లో మరల వచ్చినది; అక్కడి రాజకీయములతో మనకు పని లేదు. మనకు కావలసినది ఆ యంకె. మన పిల్లవాని 36ను ఆ 8 ప్రక్కన బెట్టి చూడవలెను. ఆ దేశముననే 2015 నుండి కాలేజీ స్కోర్‌కార్డను నొక పట్టిక అందఱికిని అందుబాటులో నున్నది. ఏ కాలేజిలో ఏ కోర్సు చదివినవారి ఋణమెంత, సంపాదన యెంత యని ఇంటిలో కూర్చుండియే చూచుకొనవచ్చును.

మన దేశమున ఏమున్నది? అత్యధిక జీతమును ప్రకటించు ఫలకములున్నవి. వేయిమందిలో ఒక్కనికి వచ్చిన నలువది లక్షల జీతము ఊరి మొదట రంగులలో వెలయును. తక్కిన తొమ్మిదివందల తొంబది తొమ్మిదిమంది కథ ఏ గోడపైనను కానరాదు. జాతీయ ర్యాంకుల పట్టికకై కాలేజీలు తమ విద్యార్థుల మధ్యస్థ జీతమును, అనగా అందఱిని జీతముల క్రమమున వరుసగా నిలిపినచో సరిగా నడుమ నిలుచువాని జీతమును, తెలుపుచున్నవి. మంచిదే. కాని ఆ వరుసలో నిలుచువారు ఉద్యోగము దొరికినవారు మాత్రమే. దొరకనివాడు వరుసలోనే లేడు. అప్పు మాత్రము వానికిని కలదు.

ప్రభుత్వములు చేతులు ముడుచుకొని యున్నవని మేమనము. కాపిటేషను ఫీజును నిషేధించుచు ఆంధ్రప్రదేశమున 1983లోనే చట్టము చేసిరి. 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పున సర్వోన్నత న్యాయస్థానము ఆ వ్యాపారమును గట్టిగా ఖండించినది. 2008 ప్రాంతమున ఆరంభమైన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకము, కాలేజి గడప త్రొక్కని కుటుంబముల నుండి లక్షలాది ఇంజనీర్లను తెచ్చినది. ఇది చిన్న సంగతి కాదు. అయితే రీయింబర్స్‌మెంటు సొమ్ము సకాలమున రానప్పుడు ఆ భారము ఎవరిపై బడుచున్నది? 2025 నవంబరులో తెలంగాణ యందలి ప్రయివేటు కాలేజీలు బకాయిలకై తలుపులు మూసిన సంగతి పాఠకు లెఱుగుదురు. అసలు ధ్రువపత్రములను అట్టిపెట్టుకొనరాదని యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను 2018లోనే ఆదేశించినను, బాకీ తీర్చిననే పత్రములని చెప్పు కార్యాలయములు నేటికిని కలవు. పత్రము లేని పట్టభద్రుడు ఉద్యోగమున చేరలేడు. ఉద్యోగము లేక బాకీ తీర్పలేడు.

2024 నవంబరులో కేంద్రము ఆమోదించిన విద్యాలక్ష్మి పథకము హామీ లేని ఋణమును, ఎనిమిది లక్షల లోపు ఆదాయము గల కుటుంబములకు వడ్డీలో మూడు పాళ్ల తగ్గింపును ఇచ్చుచున్నది. కాని అది ర్యాంకులలో ముందున్న సుమారు 860 సంస్థలకే. ఊరి చివర చెఱకు తోట ప్రక్కన వెలసిన సామాన్య కాలేజిలో చేరు బాలున కది అందదు. ఎవని చదువు మీద అనుమానము హెచ్చో వాని అప్పు మీద వడ్డీయు హెచ్చు!

ఇంజనీరింగు పట్టము వలన లాభము లేదని మా వాదము కాదు. మన పట్టణములలో నేడు కానవచ్చు క్రొత్త యిండ్లలో సగము ఆ పట్టము కట్టించినవే యన్నను పెద్ద అతిశయోక్తి కాదు. తొలి జీతమే కడపటి జీతమును కాదు. నిపుణుడైనవాడు ఐదేండ్లలో రెండింతలు సంపాదింపగలడు. అయినను ఋణపు వాయిదా నాలుగవ యేటి జీతమునకై వేచియుండదు. 2023–24లో సాఫ్ట్‌వేరు సంస్థలు కాలేజీల నుండి ఎన్నుకొనుట బాగుగా తగ్గించినప్పుడు, ఆ యేడు పట్టము పుచ్చుకొనుటయే విద్యార్థి చేసిన నేరమైనది. అదే కాలమున, 2024–25 నుండి, తగిన యర్హతలు గల కాలేజీలలో ఒక్కొక్క శాఖకు గల సీట్ల గరిష్ఠ పరిమితిని అఖిల భారత సాంకేతిక విద్యామండలి తొలగించినది. కంప్యూటరు శాఖ సీట్లు వఱదవలె పెరిగినవి. అందఱును ఒకే గింజ నాటిన సంవత్సరము పంట ధర ఏమగునో మన రైతు నడిగిన చెప్పును.

పాలిటెక్నిక్ మార్గమును మనవారు ఏల చిన్నచూపు చూతురో మాకు బోధపడదు. పదవ తరగతి పిమ్మట మూడేండ్ల డిప్లొమా. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏటికి కొన్ని వేల రూపాయల ఫీజే. అటుపై ఈసెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. ఇంటర్మీడియటు త్రోవను పోయినను ఆఱేండ్లే, ఈ త్రోవను పోయినను ఆఱేండ్లే. ఇంటరు కోచింగు ఖర్చును, ఒక యేటి ఇంజనీరింగు ఫీజును మిగులును. మధ్యలో చదువు మానవలసి వచ్చినను చేతిలో డిప్లొమా యుండును. పెండ్లి సంబంధములలో ఆ మాట కంత గౌరవము లేదన్నదే అసలు కారణమైనచో, దానికి మందు మా వద్ద లేదు.

అమెరికాలో ఎం.ఎస్. చదువునకై ఇల్లు కుదువబెట్టు సంగతి వేఱు వ్యాసమునకు తగినది. ఏటికి 85,000 మాత్రమే పరిమితి గల వీసాను నమ్ముకొని చేయు ఋణమునకు ఇంతకన్న కఠినమైన లెక్క కావలెనని మాత్రము చెప్పుదుము.

ప్రజాధనమునుండి ఫీజులు చెల్లించుచున్న ప్రభుత్వమునకు కాలేజీలను ప్రశ్నించు హక్కు కలదు. శాఖవారీగా ఎందఱు చేరిరి, నాలుగేండ్లలో ఎందఱు ఉత్తీర్ణులైరి, ఎందఱికి పని దొరికినది, దొరకనివారినిగూడ కలిపిన మధ్యస్థ సంపాదన యెంత, ఎంత ఋణముతో బయటపడిరి: ఈ యైదు అంకెలను సీట్ల పంపకమునకు ముందే ముద్రింపింపవలెను. ఏ కాలేజి విద్యార్థుల ఋణములు తీరుచున్నవో, ఏ కాలేజివి మొండిబాకీలగుచున్నవో బ్యాంకుల పుస్తకములలో ఇప్పటికే యున్నది. పేర్లు తీసివేసి అంకెలు వెల్లడించుటకు క్రొత్త శాఖయు, క్రొత్త మంత్రియు అక్కఱలేదు.

అంతవఱకు తండ్రులు ఊరకుండ నక్కఱలేదు. కాలేజి కార్యాలయమునకు పోయినప్పుడు అత్యధిక జీతము మాట విడిచి, గత సంవత్సరము మా వాడు కోరు శాఖలో చదువు ముగించినవా రెందఱు, వారిలో నేడు జీతము తీసికొనుచున్నవా రెందఱు, నడిమివాని జీత మెంత యని యడిగి, జవాబును కాగితముపై వ్రాసి ముద్ర వేసి యిమ్మని కోరుడు. ఈయమన్న కాలేజిని ఎంపికల జాబితాలో క్రిందికి దింపవచ్చును. తుది గడువు వఱకు ఆ జాబితాను మార్చుకొను వీలు కలదు.